మెత్తని పాదం

కారు తాళంచెవి ఇప్పుడు మాస్టారి జేబులో లేదు, కూతురి చేతిసంచిలో ఉంది.

పోయిన వారమంతా దాని గొడవే కదా! రోడ్డు మీద పోతూ పోతూ ఉన్నట్టుండి కారు దగ్గుతోందనీ, కాసేపు ఊపిరాడనట్టు కుదుపులిచ్చి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు సాగిపోతోందనీ మాస్టారు చెబుతూనే ఉన్నారు. అల్లుడు నడిపి చూశాడు, దగ్గలేదు. షెడ్డు నడిపే చిన్న మేస్త్రి నడిపి చూసింది, దగ్గలేదు. అయినా ఆమె ప్లగ్గులు మార్చింది, కాయిల్ మార్చింది, కార్బురేటర్ విప్పి కడిగింది. వాళ్ళ చేతుల్లో బండి గుర్రంలా పరిగెత్తింది. మాస్టారి చేతికి రాగానే మళ్ళీ దగ్గింది. ఈలోగా పెద్ద కూడలి దగ్గర పచ్చదీపం వెలిగినా మాస్టారి కారు కదలకుండా ఉండిపోయిందనీ, వెనకవాళ్ళు చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగించారనీ ఎవరో కూతురికి చేరవేశారు.

"కారు దగ్గిందమ్మా," అన్నారు మాస్టారు.

కూతురు చెయ్యి చాపింది. ఆయన తాళంచెవి ఇచ్చేశారు.

అప్పుడు చిన్న మేస్త్రే కల్పించుకుని, ఆఖరుగా ఒక్కసారి చూద్దామంది. మాస్టారు నడుపుతారు, తను పక్కన కూర్చుంటుంది, కూతురు వెనక సీట్లో ఉంటుంది. దగ్గితే లోపం కారుది. దగ్గకపోతే తాళంచెవి కూతురి సంచిలోనే ఉండిపోతుంది, ఇక ఎప్పటికీ. ఆ ఒప్పందం ప్రకారమే ఈ ఉదయం ముగ్గురూ షెడ్డు దగ్గర కలుసుకోవాలి.

మాస్టారు నడిచి వచ్చారు. నిన్న అల్లుడు తెచ్చి వదిలిన కారు షెడ్డు ముందు, స్నానం చేయించి కూర్చోబెట్టిన పిల్లలా, బుద్ధిగా నిలబడి ఉంది. పావురాయి రంగు పాత కారు. ఇప్పటి బళ్ళలాగా దానికి లోపల కంప్యూటర్లు లేవు, వైరు తగిలిస్తే రోగం పేరు చెప్పే సదుపాయం లేదు. దాని రోగం మనిషి చెవితోనో చేతితోనో కనుక్కోవలసిందే.

షెడ్డు గోడమీద పనిముట్లన్నీ మేకులకు వేలాడుతున్నాయి. ఒక్కోదాని వెనకా గోడమీద దాని ఆకారమే నల్లరంగుతో గీసి ఉంది. ఏ పనిముట్టు తీసినా దాని నీడ అక్కడ మిగిలిపోతుంది. సాయంత్రం షెడ్డు మూసేముందు ఖాళీ నీడ కనిపిస్తే, ఏ బండి కిందో ఏ రెంచీయో మర్చిపోయారన్నమాట. ఆ నీడలు గీసినవాడు పెద్ద మేస్త్రి. ఆయన పోయాక పని ఆయన కూతురి చేతికొచ్చింది. ఆడమనిషిని మేస్త్రి అనడం ఎలాగా అని వీధివాళ్ళు కొన్నాళ్ళు నసిగి, చివరికి చిన్న మేస్త్రి అని ఖాయం చేశారు. నలభై దాటినా ఆమె చిన్న మేస్త్రే.

భార్య పోయిన కొత్తలో మాస్టారు ఏ పనీ లేకుండానే ఈ షెడ్డుకి వచ్చి కూర్చునేవారు. ఆ గోడ చూస్తే ఆయనకి ఎందుకో నెమ్మదిగా ఉండేది. వస్తువు లేకపోయినా దాని చోటు దానికి ఉంటుందని గోడ చెబుతున్నట్టుండేది.

"రండి మాస్టారూ! పరీక్షకి బాగా చదువుకొచ్చారా?" అంది చిన్న మేస్త్రి చేతులు తుడుచుకుంటూ.

"కాలేజీలో అన్నాళ్ళు భూగోళం చెప్పి, వందలమందికి పరీక్షలు పెట్టినవాణ్ణమ్మా. నేను రాసి మాత్రం చాలాకాలమైంది."

"కాపీ కొట్టనివ్వను, ముందే చెబుతున్నా."

"పక్కన కూర్చునేది నువ్వేగా. నీ పేపర్లో చూసి రాస్తే ఉన్న మార్కులు కూడా పోతాయి."

ఆమె పగలబడి నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు గానీ, అరచేతులు చెమటపట్టి ఉన్నాయి. ప్యాంటుకి తుడుచుకున్నారు.

కూతురు ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చింది. రాత్రంతా డ్యూటీ చేసిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెల్లటి యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని, జుట్టు ఎలాగో ముడేసుకుంది. తండ్రిని చూసి నవ్వలేదు, అలాగని కోపంగానూ లేదు. వార్డులో రోగి మందు మింగనని మొండికేస్తే నర్సు మంచం పక్కన ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా. నువ్వు?"

"ఇంటికెళ్ళి తింటాలే. ముందు ఈ సంగతి తేల్చేద్దాం."

"తేలిపోతుంది," అన్నారు మాస్టారు, కారు వైపు చూస్తూ.

కూతురు సంచిలోంచి తాళంచెవి తీసింది గానీ వెంటనే ఇవ్వలేదు. "నాన్నా, నీమీద కక్షకొద్దీ చేస్తున్నానని అనుకుంటున్నావు కదూ?"

"ఛ, అదేం మాట!"

"మరి మొహం అలా పెట్టావేం? చూడూ, మొన్న మా వార్డుకి ఒక పెద్దాయన వచ్చాడు. కారు తీసుకెళ్ళి గోడకి కొట్టాడు. ఆ టైముకి గోడ పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. స్పృహ వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట. బ్రేకు పడలేదు, బ్రేకు పడలేదు. వాళ్ళబ్బాయి బండి చూపించాడు. బ్రేకు నిక్షేపంలా ఉంది."

మాస్టారు కారు తలుపు పిడి మీద చెయ్యేశారు.

"ఆయన అబద్ధం చెప్పట్లేదు నాన్నా. ఆయనకి నిజంగా అలాగే అనిపించింది. అదే నా భయం."

"నా కాలు బాగానే ఉందమ్మా."

"అందరూ అదే అంటారు."

చిన్న మేస్త్రి గొంతు సవరించుకుంది. "అక్కా, మీ ఇద్దరూ ఇక్కడే తేల్చేసుకుంటే ఇక బండెందుకు? ఎక్కండెక్కండి."

ఎక్కారు. మాస్టారు తాళం తిప్పారు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

గోదాముల వీధి దాటి, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి ఫ్యాక్టరీ ప్రహరీ వెంబడి పోయే పొడవాటి రోడ్డెక్కారు. ఉదయపు ఎండ ప్రహరీ మీదనుంచి ముక్కలు ముక్కలుగా రోడ్డు మీద పడుతోంది. మాస్టారు వీపు సీటుకి ఆనించలేదు. పక్కన ఒకరు, వెనక ఒకరు తన కాలినే చూస్తున్నారన్న సంగతి ఆయన్ని వదల్లేదు. ఆ కాలు తనది కానట్టే ఉంది. ఒకసారి ఎక్కువ తొక్కుతోంది, అయ్యో అనుకుని వదిలేస్తోంది, మళ్ళీ తొక్కుతోంది. కారు మాత్రం చెప్పిన మాట వినే విద్యార్థిలా పోతోంది.

ప్రహరీ చివరిదాకా పోయి తిరిగొచ్చారు. దగ్గలేదు.

"ఇంకోసారి పోదాం," అంది చిన్న మేస్త్రి.

ఇంకోసారి పోయారు. దగ్గలేదు. ఇందాకటిదాకా ఏదో ఒకటి వాగుతున్న చిన్న మేస్త్రి కూడా ఊరుకుంది. ఆ మౌనం మాస్టారికి ఆమె జోకులకంటే బరువుగా తోచింది. పాపం, నా పక్షాన నిలబడింది, ఈ మనిషిని కూడా తలవంచుకునేలా చేస్తున్నాను అనుకున్నారు. అసలు కారు ఎప్పుడైనా దగ్గిందా? తనకి అలా అనిపించిందా? బ్రేకు పడలేదన్న ఆ పెద్దాయనకి కూడా ఇంత స్పష్టంగానే అనిపించి ఉంటుంది కదా.

"రైలు గేటు దాకా పోనివ్వండి మాస్టారూ. అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుదాం," అంది చిన్న మేస్త్రి. ఆ మాటలోనే 'ఇక చాలు' అన్నది కూడా వినిపించింది.

రైలు గేటు వేసి ఉంది. ఆగారు. గూడ్సు బండి ఒకటి తీరిగ్గా పోతోంది. పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ తరగదు. ఆగిన కారులో ఇంజను గోడగడియారంలా సమంగా కొట్టుకుంటోంది. మాస్టారు అద్దంలో వెనక్కి చూశారు.

కూతురు నిద్రపోతోంది. తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి, చిన్నప్పుడు బడినుంచి వస్తూ ఎలా పడుకునేదో అచ్చం అలాగే. తాళంచెవి లాక్కున్న నర్సు లేదు అక్కడ. అలిసిపోయిన పిల్ల ఉంది.

గేటు లేచింది.

మాస్టారు గేరు వేశారు. పట్టాల మీద కారు ఎక్కి దిగుతుంటే కూతురి తల అద్దానికి కొట్టుకుంటుందేమోనని, అరచేతిలో నీళ్ళు పట్టుకుని నడుస్తున్నవాడిలా దాటించారు. అవతల రోడ్డు నున్నగా ఉంది. పరీక్ష సంగతి మరిచిపోయారు. పక్కనున్న మేస్త్రిని మరిచిపోయారు. ఆ పిల్ల లేవకూడదు, అంతే. పాదం దానంతటదే మెత్తబడింది. యాక్సిలరేటర్ మీద ఆన్చీ ఆన్చనట్టు నిలిచింది.

కారు దగ్గింది.

ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత వరసగా, గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు.

చిన్న మేస్త్రి ఠక్కున చెయ్యెత్తింది. తల పక్కకు వంచింది. ఇంకో చెయ్యి డాష్‌బోర్డు మీద పరిచి పెట్టింది, జ్వరం చూస్తున్నట్టు. కారు ఇంకోసారి కుదిపింది.

"మాస్టారూ," అంది గొంతు తగ్గించి. "మిస్సింగ్ కొడుతోంది. నేను విన్నాను."

ఇన్నాళ్ళుగా మాస్టారు ఒక్కరే వింటున్న చప్పుడు అది. ఇప్పుడు ఇంకో మనిషి చెవిలో కూడా పడింది. ఇంట్లో తన మాట వినే మనిషి పోయాక, ఇలా ఎవరైనా 'నేను విన్నాను' అని ఎంతకాలమైందో.

కుదుపుకి కూతురి తల అద్దానికి తగిలింది. ఉలిక్కిపడి లేచింది. "ఏంటి? ఏమైంది?"

"కారు దగ్గిందక్కా," అంది చిన్న మేస్త్రి.

కూతురు కళ్ళు నులుముకుంది. కారు మరోసారి, ఆమె కూడా వినాలని పట్టుబట్టినట్టు, గట్టిగా దగ్గింది. ఆమె ముందు సీటు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మాస్టారూ, ఇప్పుడు గట్టిగా తొక్కండి," అంది చిన్న మేస్త్రి.

తొక్కారు. దగ్గు మాయమైంది.

"ఇప్పుడు మళ్ళీ ఇందాకటిలా నడపండి."

"ఇందాకటిలా అంటే?"

"ఇందాక ఎలా నడిపారో అలా."

"నేనేం చేశానమ్మా?"

"మీరేం చేశారో మీకు తెలీదా! సరే, వెనక మళ్ళీ అక్క నిద్రపోయిందనుకోండి. అక్కా, నువ్వు కళ్ళు మూసుకో."

"నేను కళ్ళు మూసుకుంటే కారు దగ్గుతుందా?"

"దగ్గుతుంది. మూసుకో."

కూతురు విడ్డూరంగా చూసి, సీటుకి జారగిలబడి కళ్ళు మూసుకుంది. మాస్టారు అద్దంలో చూశారు. పాదం మెత్తబడింది. కారు దగ్గింది.

చిన్న మేస్త్రి తొడ చరుచుకుంది. "అదీ! నేనెంత వెర్రిదాన్ని! బండిని కంగారు పెడితేనే లోపం బయటపడుతుందని మా నాన్న నేర్పాడు. నేను దీన్ని ఎక్కినప్పుడల్లా పోలీసులు తరుముతున్నట్టు తొక్కా. మీ అల్లుడుగారి సంగతి చెప్పక్కర్లేదు, ఆయన కాలుకింద ఏ బండైనా కిక్కురుమనదు. దీనికి కంగారు పెడితే రాదు మాస్టారూ. లాలిస్తే వస్తుంది." ఆయన కాలివైపు చూస్తూ అడిగింది. "అసలు ఇంత మెల్లగా తొక్కడం ఎక్కడ నేర్చుకున్నారు?"

మాస్టారు జవాబు చెప్పేలోగా వెనకనుంచి కూతురు అంది, కళ్ళు ఇంకా తెరవకుండానే, "అమ్మకి కడుపులో తిప్పేది."

అవును. ఆవిడకి కారు పడేది కాదు. వీధి మలుపు తిరిగేలోపే మొహం పాలిపోయేది. కొన్న కొత్తలో, "మీరు నన్ను కార్లో తీసుకెళ్తున్నారా, కవ్వంపెట్టి చిలుకుతున్నారా?" అని అడిగింది. ఆ మాటకి పౌరుషం వచ్చి ఆయన నేర్చుకున్నారు. కుదుపు తెలియకుండా కదలడం, ఆగడం తెలియకుండా ఆగడం. ఆవిడ ఒళ్ళో నిమ్మకాయ పెట్టుకుని వాసన చూస్తూ కూర్చునేది. నిమ్మకాయ ముక్కు దగ్గరికి పోకుండా ఇల్లు చేరిన రోజున, "ఇవాళ పాసయ్యారు," అనేది. ఆవిడ పోయినా ఆ పాదానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చిన్న మేస్త్రి తుడుచుకునే గుడ్డకోసం డాష్‌బోర్డు అర తెరిచింది. ఎండి గోళీలా గట్టిపడిన నిమ్మకాయ ఒకటి దొర్లి ఆమె చేతిలో పడింది. ఆమె దాన్ని చూసింది, మాస్టారి మొహం చూసింది, ఎక్కడిదక్కడ పెట్టి అర మూసేసింది.

షెడ్డుకి వచ్చాక బానెట్ ఎత్తారు.

"ఇంజనుకి కరెంటు పంచిపెట్టేది ఇదీ," అంటూ చిన్న మేస్త్రి నల్లటి మూత ఒకటి ఊడదీసింది. లోపల అరచేతిలో పట్టేంత రేకు పళ్ళెం, దానికి అతుక్కున్న సన్నటి వైరు. "బండి మెల్లగా, సాఫీగా పోతున్నప్పుడు ఇంజను ఈ రబ్బరు గొట్టంలోంచి గాలి లాగుతుంది. ఆ గాలికి ఈ పళ్ళెం కాస్త పక్కకి తిరుగుతుంది. గట్టిగా తొక్కితే లాగదు, తిరగదు. నా అనుమానం ఈ వైరు మీద."

కూతురు వంగి చూసింది. "బాగానే ఉందిగా? ఎక్కడా తెగలేదు."

"పైకి బాగానే ఉంటుంది. చూద్దాం పట్టు." ఆ వైరు గుండా కరెంటు పారేలా ఒక చిన్న బల్బు తగిలించింది. బల్బు వెలిగింది. "నా రెండు చేతులూ ఖాళీ లేవు. అక్కా, నువ్వు ఆ గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చు."

"నేనా?"

"మరి మాస్టారిని పీల్చమంటావా? ఆయనకి దమ్ముంటే నువ్వు తాళంచెవి లాక్కుంటావా?"

"పెట్రోలు రాదు కదా?"

"గాలే. నేను రోజూ పీలుస్తా, బతికే ఉన్నాగా."

కూతురు సంచిలోంచి దూది, స్పిరిట్ సీసా తీసింది. గొట్టం కొసని ఇంజెక్షను చేసేముందు చెయ్యి తుడిచినంత శ్రద్ధగా తుడిచింది. చిన్న మేస్త్రి నోరెళ్ళబెట్టి చూసింది. "మా షెడ్డు పుట్టాక ఇంత మర్యాద ఏ గొట్టానికీ జరగలేదు."

కూతురు నవ్వాపుకుని గొట్టం నోట పెట్టుకుని పీల్చింది. పళ్ళెం చిన్నగా తిరిగింది.

బల్బు ఆరిపోయింది.

వదిలింది. పళ్ళెం వెనక్కి వచ్చింది. బల్బు వెలిగింది. మళ్ళీ పీల్చింది, ఆరింది. ఆమె అలా ఇంకెన్నిసార్లు పీల్చి వదిలిందో ఎవరూ ఆపలేదు. తన ఊపిరికే ఆ వెలుతురు పోయి వస్తుంటే దాన్నే చూస్తూ ఉంది. చివరికి గొట్టం కిందపెట్టి తండ్రి వైపు తిరిగింది. ఏదో అనబోయింది. ఆయన 'పర్లేదులే' అన్నట్టు తలూపారు.

చిన్న మేస్త్రి ఆ వైరుని ఊడదీసి రెండు వేళ్ళ మధ్య వంచింది. మిగతా చోట్ల బిగువుగా ఉన్న వైరు ఒక్కచోట దారంలా వాలిపోయింది. "పై తొడుగు అలాగే ఉంది. లోపల రాగితీగ తెగింది. కొసలు ఆనుకుని ఉంటే కరెంటు పోతుంది, పళ్ళెం తిరిగితే విడిపోతాయి. మీరు తప్ప ఇంకెవరు నడిపినా ఇది జన్మలో బయటపడేది కాదు మాస్టారూ."

కూతురు భర్తకి ఫోను చేస్తూ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "ఆ, నేనే. కారుదేనండీ తప్పు, నాన్నది కాదు... నువ్వు నడిపితే ఎలా వస్తుంది, నువ్వు తొక్కే తొక్కుడికి దానికి దగ్గే తీరిక ఎక్కడుంది?... ఏంటీ, నేనన్నానా? ఆయన కాలు పనిచెయ్యట్లేదని మొదట అన్నదెవరు? అండీ గిండీ ఏం లేదు, సాయంత్రం వచ్చి నాన్నకి సారీ చెప్పు..." నిద్రలేని గొంతులో చాన్నాళ్ళకి నవ్వు వినిపించింది. ఆ నవ్వు వింటూ మాస్టారు బల్ల మీద కూర్చున్నారు. భుజాల మీద నుంచి ఎవరో మూట దించినట్టుంది.

కొత్త వైరు వేస్తూ చిన్న మేస్త్రి హుషారుగా చెప్పుకుపోతోంది. "దీని గుణం ఇప్పుడు పూర్తిగా తెలిసిపోయింది. దౌడు తీయిస్తే రాదు. నిలబడి ఉన్నా రాదు, అప్పుడు గాలి లాగదు కాబట్టి పళ్ళెం కదలదు. ఇందాక రైలు గేటు దగ్గర చూశారుగా, అంతసేపు ఆగితే ఒక్క దగ్గు లేదు. ఆగి ఉన్న బండికి ఈ రోగం రావడానికి వీల్లే..."

మాట మధ్యలో ఆగిపోయింది.

ఆమె తలెత్తి మాస్టారిని చూసింది. కూడలి సంగతి ఆమెకూ తెలుసు. పచ్చదీపం, కదలని కారు, వెనక హారన్లు, ఆయన కూతురికి చెప్పిన జవాబు. మాస్టారు ఆమె కళ్ళలోకి చూశారు. గుమ్మం దగ్గర కూతురు ఇంకా ఫోన్లో నవ్వుతూనే ఉంది.

చిన్న మేస్త్రి చేతిలోని రెంచీని తీసుకెళ్ళి గోడమీద దాని నీడ మీద తగిలించింది. అది సరిగ్గానే కూర్చుంది. అయినా వంకరగా ఉందన్నట్టు దాన్ని సర్దుతూ, వీపు ఇటు తిప్పి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు అక్కడే నిలబడింది. అది ఆమె మంచితనం. మాస్టారికి తెలిసింది.

కూతురు వచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని, అరచేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"నీ మాట నమ్మలేదు నాన్నా. కూడలి దగ్గర అంతమందిలో నిన్ను అలా నిలబెట్టింది ఈ బోడి వైరు. నేనేమో నిన్ను..." మాట అక్కడే తుంచేసి, "పద, ఆకలేస్తోంది. నువ్వే నడుపు. నేను ముందు కూర్చుంటా," అంది.

వెళ్ళి ముందు సీట్లో, వాళ్ళమ్మ చోట్లో కూర్చుంది.

మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. తాళంచెవి పెట్టారు గానీ తిప్పలేదు. ఎదురుగా షెడ్డు, పనిముట్లన్నీ తమతమ నీడల మీద. ఆ రోజు కూడలిలో కూడా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పళ్ళ బండి, మందుల షాపు, దీపాల స్తంభం. దీపం పచ్చగా మారడం చూశారు కూడా. ఇంజను చక్కగా నడుస్తోంది. ఆ పచ్చదీపం కింద మూడు రోడ్లు మూడువైపులకి పోతుంటే, ఎన్నో ఏళ్ళుగా తిరిగిన ఆ మూడింటిలో ఒక్కటీ తెలిసినదానిలా కనబడలేదు. కాసేపే. తర్వాత అంతా మామూలే. కూతురు అడిగినప్పుడు 'కారు దగ్గింది' అన్న మాట దానంతటదే నోట్లోకి వచ్చి కూర్చుంది. వారం పొడుగునా అందరూ దాన్ని మోస్తుంటే, చివరికి ఆయనకీ అది నిజమేననిపించసాగింది. ఇందాకటిదాకా.

ఇప్పుడు ఊరుకుంటే చాలు. చిన్న మేస్త్రి చెప్పదు. వైరు సాక్ష్యం ఉండనే ఉంది. కూతురు ఎంతో ఇష్టంగా, తనంతట తానే తెచ్చి ఇచ్చింది తాళంచెవి.

కానీ ఆమె వాళ్ళమ్మ సీట్లో కూర్చుని ఉంది. సాయంత్రాలు ఆయన స్కూలు నుంచి తీసుకొచ్చేటప్పుడు మనవరాలు కూర్చునేది కూడా అక్కడే.

"అమ్మా," అన్నారు.

"ఊఁ?" బెల్టు లాక్కుంటోంది కూతురు.

"ఆ రోజు కూడలిలో కారు దగ్గలేదు."

బెల్టు సగంలో ఆగింది.

"కారు బాగానే ఉంది. దీపం పచ్చగానే ఉంది. ఎటు తిరగాలో నాకే తెలియలేదు," అన్నారు మాస్టారు, తాళంచెవి వైపే చూస్తూ. "ఇల్లు ఎటువైపో తెలియలేదమ్మా."

షెడ్డులో గోడ దగ్గర రెంచీ సర్దుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. కూతురు బెల్టు వదిలేసింది. అది మెల్లగా వెనక్కి జారిపోయింది. ఆమె ఆయన మణికట్టు అందుకుని, నాడి చూస్తున్నట్టు వేళ్ళు ఆన్చి, అలాగే పట్టుకుంది. కాసేపటికి ఆమె గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. వార్డులో మంచం పక్కన వంగి అడిగే మెత్తటి గొంతు.

"అలా అయింది ఆ ఒక్కసారేనా నాన్నా?"